నడుముకు కొలత, ప్యాకెట్‌కు మినహాయింపు

2025 జులైలో సమోసా, జిలేబీ పేర్లు టీవీ చర్చల్లో మార్మోగాయి. మనం తినే పదార్థాల్లో నూనె, చక్కెర ఎంతెంత ఉంటాయో తెలిపే బోర్డులు ఆఫీసుల్లో పెట్టమని కేంద్ర ఆరోగ్యశాఖ ఇతర శాఖలకు ఒక లేఖ రాసింది. ఆ లేఖ వార్తల్లోకి వచ్చేసరికి, సమోసా మీద సిగరెట్ పెట్టెకు ఉన్నట్టు హెచ్చరిక వేస్తారన్న ప్రచారంగా మారిపోయింది. వీధి వ్యాపారుల జోలికి తాము పోలేదని, మన చిరుతిళ్ల మీద ఏ ముద్రా వేయమనలేదని ఆ శాఖ వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. ఆ వివరణలో అబద్ధమేమీ లేదు. అయినా జనం అంత సులువుగా ఆ ప్రచారాన్ని ఎందుకు నమ్మారన్నది ఆలోచించదగ్గ విషయం. సర్కారుకు జనం బరువు మీద చింత పుడితే ముందుగా మందలింపు పడేది మూకుడు ముందు నిలబడ్డవాడికీ, తినేవాడికీనే తప్ప కోట్ల ప్యాకెట్లు అమ్మే కంపెనీకి కాదని వాళ్లకు అనుభవం మీద తెలుసు.

సమస్య లేదని ఎవరూ అనలేరు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. దేశం మొత్తం మీద ఈ సంఖ్య 24 శాతమే. భారత వైద్య పరిశోధన మండలి చేయించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లు దాటారని, పెద్దల్లో దాదాపు 40 శాతం మందికి పొట్ట చుట్టూ కొవ్వు పేరుకుందని అవి చెప్పాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ పరిశోధకులు నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే, 84 శాతం మంది కాలేయంలో కొవ్వు అధికంగా కనిపించింది. పరీక్షకు తీసుకున్నది కొద్దిమందినే అయినా ఆ సంఖ్యను తోసిపుచ్చలేం. కాబట్టి ప్రభుత్వం కల్పించుకోవడం తప్పదు. ఎక్కడ, ఎవరి మీద, ఏ హక్కుతో కల్పించుకోవాలన్నదే తేలవలసింది.

ఈ విషయంలో రెండు వాదనలు తరచూ వినిపిస్తాయి. నా నోరు, నా ఇష్టం అన్నది మొదటిది. జాన్ స్టువర్ట్ మిల్ 1859లోనే దీనికి తాత్విక రూపం ఇచ్చాడు: ఇతరులకు హాని కలగకుండా ఆపడానికి తప్ప, మనిషి మేలు కోసమని అతని మీద బలప్రయోగం చేసే అధికారం సమాజానికి లేదు. వాళ్లు తిని తెచ్చుకున్న జబ్బుకు మా పన్నులు ఎందుకు ఖర్చు పెట్టాలన్నది రెండోది. మొదటి వాదనకు నేను గౌరవం ఇస్తాను. రెండోదాన్ని మాత్రం ఎంత గట్టిగా కాదంటే అంత మంచిదనుకుంటాను. జబ్బు చేసినవాడు ముందు తన నిర్దోషిత్వం నిరూపించుకోవాలన్న సూత్రాన్ని ఒక్కసారి లోపలికి రానిస్తే అది బరువు దగ్గర ఆగదు. ఆరోగ్యశ్రీ కార్డు చూపించిన మనిషిని, నీ గుండెపోటుకు కారణం బిర్యానీయా, నీ తండ్రి నుంచి వచ్చిందా అని అడిగే ఆసుపత్రి మనకు అక్కర్లేదు. పైగా ఆ వాదన నిలబడాలంటే ఒళ్లు పెరగడం కేవలం మనిషి స్వయంకృతమై ఉండాలి. మన దేశానికి సంబంధించినంతవరకు శాస్త్రం దాన్ని ఒప్పుకోదు.

పుణెకు చెందిన వైద్య శాస్త్రవేత్త చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన జాన్ యడ్కిన్ కలిసి తీయించుకున్న ఒక ఫొటో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. పక్కపక్కన నిలబడితే ఇద్దరూ బక్కపలచగానే ఉంటారు. కానీ ఆంగ్లేయుడి ఒంట్లో కొవ్వు 9.1 శాతం ఉంటే, భారతీయుడి ఒంట్లో 21.2 శాతం ఉంది. ఈ తేడా పుట్టుకతోనే మొదలవుతుందని యాజ్ఞిక్ బృందం పుణె చుట్టుపక్కల పల్లెల్లో చేసిన పరిశోధన చూపించింది. అక్కడి శిశువు సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువు బరువు 3.5 కిలోలు. మన బిడ్డలో కండ తక్కువ, అవయవాలు చిన్నవి. కొవ్వు మాత్రం ఆ మేరకు తగ్గలేదు. తల్లి కడుపులో తిండి చాలనప్పుడు పిండం ఉన్నదాన్ని దాచుకునే తీరులో ఎదుగుతుంది. ఆ బిడ్డ పెరిగి పెద్దదై, కూర్చుని చేసే పనిలోకీ, చవకగా దొరికే పిండి పదార్థాల మధ్యకూ వచ్చి పడినప్పుడు, దాచుకునే ఆ గుణమే జబ్బుగా మారుతుంది.

ఇప్పుడు మన రాష్ట్రాల అంకెలు మరోసారి చూడండి. స్త్రీలలో మూడో వంతు మంది అధిక బరువుతో ఉన్న ఆంధ్రప్రదేశ్‌లోనే 58.8 శాతం స్త్రీలకు రక్తహీనత ఉంది. తెలంగాణలో అది 57.6 శాతం. అయిదేళ్లలోపు పిల్లల్లో దాదాపు మూడో వంతు వయసుకు తగిన ఎత్తు లేరు. ఈ లెక్కలు రెండు వేర్వేరు సమాజాలవి కావు. ఒకే వీధిలో, చాలాసార్లు ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే మనిషిలో లేమీ లావూ కలిసే ఉన్నాయి. నిన్నటి తరం ఆకలి ఇవాళ్టి తరం నడుము మీద కనిపిస్తున్నప్పుడు ఆ ఆడమనిషిని బద్ధకస్తురాలనడం అన్యాయం, శాస్త్రవిరుద్ధం కూడా.

అయినా శరీరాన్నే లక్ష్యంగా పెట్టుకునే విధానాల మీద ప్రభుత్వాలకు మోజు తగ్గదు. జపాన్ 2008 నుంచి 40-74 ఏళ్ల వారందరికీ ఏటా నడుము కొలిపిస్తోంది. మగవారికి 85 సెంటీమీటర్లు, ఆడవారికి 90 దాటితే, వాటికి తోడు రక్తపోటులాంటి లక్షణాలు ఉంటే, సలహా శిక్షణకు పంపుతారు. వ్యక్తులకు జరిమానా లేదు. ఒత్తిడంతా బీమా నిధుల మీదే. అంత పెద్ద యంత్రాంగం ఏం సాధించిందో తేల్చిన ఒక అధ్యయనం 2020లో అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. శిక్షణకు ఎంపికైన మగవారి బరువు ఏడాది తర్వాత తగ్గింది కిలోలో మూడో వంతు లోపే. రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్‌లలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. అమెరికాలో పేరున్న వైద్య నీతివేత్త డేనియల్ కాలహన్ 2013లో ఇంకో అడుగు ముందుకు వేశాడు. పొగతాగేవారిని సమాజం చిన్నచూపు చూడటం వల్ల ఆ అలవాటు తగ్గిందని, లావుగా ఉన్నవారి మీద కూడా మితంగా అలాంటి సామాజిక ఒత్తిడి తేవాలని రాశాడు. సహ నీతివేత్తలు, వైద్యులు దాన్ని తీవ్రంగా ఖండించారు. సిగరెట్ పారేస్తే చేతిలో ఉండదు. శరీరాన్ని పారేయలేం. అవమానం పాలైన మనిషి వ్యాయామశాలకు వెళ్లడం మానేస్తాడు, డాక్టరు దగ్గరకు వెళ్లడం వాయిదా వేస్తాడు, బాధలో ఇంకాస్త తింటాడు. ఈ సంగతి అధ్యయనాలు చెప్పకముందే మన ఇళ్లలో పెళ్లిచూపులకు కూర్చున్న ఆడపిల్లలకు తెలుసు. లావుపాటి మనిషి తెర మీదికి రాగానే నవ్వాలని మన సినిమాలు దశాబ్దాలుగా నేర్పాయి. సర్కారు ఆ నవ్వుకు ముద్ర వేయకూడదు. బడిలో అందరి ముందూ పిల్లల బరువు చదవడం, ఉద్యోగుల బరువును పదోన్నతికి ముడిపెట్టడం, ప్రచార బోర్డుల మీద తల కత్తిరించిన పొట్టల ఫొటోలు వేయడం, ఇవన్నీ ఆ కోవలోవే.

మరి మిల్ అడిగిన ప్రశ్న మాటేమిటి? నా ఇష్టం అనాలంటే ముందు నేనేం తింటున్నానో నాకు తెలియాలి. ఎంపిక చేసుకునే స్వేచ్ఛను నిజంగా గౌరవించేవారు ప్యాకెట్ ముందు భాగం మీద పెద్ద అక్షరాలతో సమాచారం ఉండాలని అందరికంటే ముందు అడగాలి. ప్యాకెట్ వెనక ఆవగింజంత అక్షరాలలో నూరు గ్రాములకు ఇన్ని గ్రాములని రాసి, చదువుకోకపోవడం కొనేవాడి తప్పనడం స్వేచ్ఛ కాదు.

ఈ విషయంలో మన రికార్డు చూస్తే దిగులేస్తుంది. ముందు వైపు లేబుల్ గురించిన చర్చ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ)లో పదేళ్లకు పైగా నడుస్తోంది. 2018 ముసాయిదాలో ఎర్ర రంగు గుర్తు ఉంది. 2022 సెప్టెంబరులో వచ్చిన ముసాయిదాలో ఎరుపు పోయి, అర నుంచి అయిదు దాకా నక్షత్రాలు వచ్చాయి. నక్షత్రాల పద్ధతిలో ఇబ్బంది ఏమిటంటే, చక్కెర, ఉప్పు, కొవ్వుల వల్ల పోయిన మార్కులను కాస్త పీచు, కాసిని గింజలు, పళ్లు కలిపి తిరిగి సంపాదించుకోవచ్చు. మధుమేహం ఉన్న మనిషికి తెలియాల్సింది చక్కెర సంగతి. అన్నీ కలిపి తీసిన సగటు అతనికి ఎందుకూ పనికిరాదు. చిలీ దేశం 2016లో నల్లటి అష్టభుజి గుర్తులు తెచ్చింది. చక్కెర ఎక్కువైతే ఒకటి, ఉప్పు ఎక్కువైతే మరొకటి. దాంతోపాటు పిల్లల్ని ఆకర్షించే కార్టూన్ బొమ్మలను ఆ ప్యాకెట్ల మీద నుంచి తీయించింది, బడుల్లో వాటి అమ్మకం ఆపింది. మొదటి దశలోనే తీపి పానీయాల కొనుగోళ్లు దాదాపు 24 శాతం తగ్గాయి. మన దగ్గర విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మూడు నెలల్లో తేల్చమని 2025 ఏప్రిల్‌లో కోర్టు చెప్పింది. ఆ గడువునూ పొడిగించవలసి వచ్చింది. నిపుణుల సంఘాల్లో, సంప్రదింపుల్లో పరిశ్రమ గొంతు గట్టిగా వినిపిస్తుంది. కిరాణా కొట్టులో అయిదు రూపాయల ప్యాకెట్ కొనే పిల్లవాడి తల్లికి అక్కడ కుర్చీ లేదు.

లేబుల్ పెడితే ఊబకాయం తగ్గుతుందన్న రుజువు ఏదని పరిశ్రమ అడుగుతుంది. నిజమే, లేబుల్ ఒక్కదానితో ఊబకాయాన్ని వెనక్కి మళ్లించిన దేశం లేదు. కానీ ఈ ప్రశ్న పెట్టే చోటే తప్పు ఉంది. తెలుసుకునే హక్కు బరువు తగ్గడం మీద ఆధారపడినది కాదు. ఎవరి బరువూ ఒక్క గ్రాము తగ్గకపోయినా, కొనేవాడికి నిజం చెప్పాలి. ఫలితం చూపించి సమర్థించుకోవలసిన భారం, మనిషి శరీరంలోకీ గౌరవంలోకీ చొరబడే విధానాల మీద ఉంటుంది. నడుము కొలిచేవారిని రుజువు అడగాలి. నిజం చెప్పమన్నవారిని కాదు.

నిజం చెప్పించడానికే ఎంత పోరాటం కావాలో హైదరాబాద్‌కు బాగా తెలుసు. నగరానికి చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్, ఓఆర్‌ఎస్ అన్న పేరు తగిలించుకుని చక్కెర దండిగా ఉన్న పానీయాలు అమ్ముతున్న కంపెనీల మీద ఏళ్ల తరబడి ఒంటరిగా పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములే ఉండాలి. ఆ లెక్కకు సరిపోని పానీయాల మీద ఆ మూడు అక్షరాలు వాడకూడదని 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించాక ఆమె కంటతడి పెట్టిన దృశ్యం తెలుగువాళ్లలో చాలామంది చూశారు. విరేచనాలతో నీరసించిన బిడ్డకు తల్లి ప్రేమతో పట్టే నీళ్ల మీద ఇన్నేళ్లు అబద్ధం ఉండగలిగిందంటే, బిస్కెట్ ప్యాకెట్ మీద రాతలకు ఎంత భద్రత ఉంటుందో ఊహించుకోవచ్చు. 2024లో బయటపడిన ఇంకో సంగతి: నెస్లే కంపెనీ మన దేశంలో అమ్మే పసిపిల్లల సెరిలాక్‌లో చక్కెర కలిపేది, స్విట్జర్లాండ్, జర్మనీల్లో అమ్మే దానిలో కలిపేది కాదు. పసిపాప విషయంలో స్వేచ్ఛ వాదన అసలు పుట్టదు. రుచి తెలియని నాలుకకు తీపిని అలవాటు చేయడం ఆ పాప ఎంపిక కాదు.

పన్నుల సంగతి లేబుల్ అంత తేలిక కాదు. పేదవాడు తన ఆదాయంలో ఎక్కువ భాగం తిండికే పెడతాడు కనుక, తిండి మీద పన్ను అతన్నే ఎక్కువగా కొరుకుతుంది. 2014లో మెక్సికో తీపి పానీయాల మీద లీటరుకు ఒక పెసో పన్ను వేసినప్పుడు ఈ అభ్యంతరమే వచ్చింది. రెండేళ్లలో కొనుగోళ్లు బాగా తగ్గింది మాత్రం పేద కుటుంబాల్లోనే, అంటే ఆరోగ్య లాభం కూడా ఎక్కువగా వాళ్లకే దక్కవచ్చు. ఈ సమాధానం నాకు సగమే తృప్తినిస్తుంది. మంచినీళ్లు సరిగా రాని చోట కూల్‌డ్రింక్ మీద పన్ను వేసేవాడు ముందు కుళాయి బాగుచేయాలి. డెన్మార్క్ 2011లో వెన్న, జున్ను, మాంసాల్లోని సంతృప్త కొవ్వు మీద పన్ను వేసి, జనం సరిహద్దు దాటి కొనుక్కోవడం మొదలుపెట్టాక పదిహేను నెలలకే ఎత్తేసింది. కేరళ 2016లో బ్రాండెడ్ రెస్టారెంట్లలోని పిజ్జా, బర్గర్ల మీద 14.5 శాతం వేసింది. జీఎస్టీతో అదీ పోయింది.

వీటిలో నాకు నీతిపరంగా మెరుగనిపించేది 2018 నుంచి అమల్లో ఉన్న బ్రిటన్ పద్ధతి. అక్కడ పన్ను తాగేవాడిని కాక తయారుచేసేవాడిని ఉద్దేశించింది. నూరు మిల్లీలీటర్లకు చక్కెర 5 గ్రాముల లోపుంటే పన్ను లేదు, 8 గ్రాములు దాటితే ఎక్కువ. పన్ను తప్పించుకోవాలంటే చక్కెర తగ్గించడమే దారి. కంపెనీలు తగ్గించాయి. పన్ను పరిధిలోని పానీయాల్లో చక్కెర అయిదేళ్లలో 40 శాతానికి పైగా పడిపోయింది. జనం కొనే సీసా అదే, అందులో పంచదార తక్కువ. మన జీఎస్టీలో కూల్‌డ్రింకుల మీద 40 శాతం పన్ను ఉంది. చక్కెర నిండుగా ఉన్నదానికీ అదే, చక్కెర లేనిదానికీ అదే. తగ్గించిన కంపెనీకి దక్కేదేమీ లేదు కనుక, ఖజానాకు డబ్బు తేవడం తప్ప ఆ పన్ను ఆరోగ్యానికి చేసేది స్వల్పం. 2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్లు, చాక్లెట్లు, ఐస్‌క్రీమ్, ప్యాకెట్ మిక్స్చర్, నూడుల్స్ 5 శాతం శ్లాబులోకి దిగాయి. పేదవాడి బిస్కెట్ చవక కావడాన్ని నేను తప్పుపట్టను. చక్కెర శాతాన్ని బట్టి శ్లాబు పెట్టే అవకాశం చేతికి వచ్చినప్పుడు వదులుకోవడాన్ని తప్పుపడతాను.

2025 ఫిబ్రవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో వంటనూనె వాడకం పది శాతం తగ్గించమని ఇల్లిల్లునూ కోరారు. మంచి మాటే. మే నెలాఖరులో ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల దిగుమతి సుంకాన్ని కేంద్రం 20 నుంచి 10 శాతానికి దించింది. ధరలు అదుపు చేయడానికే దించింది, ఆ అవసరమూ నిజమే. 2021లో ప్రకటించిన ఆయిల్‌పామ్ మిషన్‌కు 11,040 కోట్లు కేటాయించారు. ఆయిల్‌పామ్ ఎక్కువగా పండిస్తున్నది గోదావరి జిల్లాలు, ఖమ్మం వైపు రైతులే. దిగుమతులు తగ్గించాలన్న లక్ష్యంలో తప్పు లేదు. కానీ వ్యవసాయ శాఖ, ఆర్థిక శాఖ, ఆరోగ్య శాఖ మూడూ ఒకే ఇంటి వంటగదిలోకి మూడు వైపుల నుంచి వస్తున్నప్పుడు, తగ్గించుకోమన్న మాట ఒక్కటే గృహిణి వంతుకు రావడం సరికాదు.

అన్నిటికన్నా పెద్ద వడ్డన రేషన్ దుకాణంలో జరుగుతోంది. ఎన్టీఆర్ 1983లో తెచ్చిన రెండు రూపాయల బియ్యం ఆకలిని వెనక్కి నెట్టింది. దాని విలువను తగ్గించి మాట్లాడే హక్కు కడుపు నిండినవారికి లేదు. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తోంది. జనం గౌరవంగా తినగలిగే బియ్యం ఇవ్వడం మంచి పనే. కానీ నలభై ఏళ్ల తర్వాత కూడా రాజ్యం వడ్డించే విస్తరిలో ప్రధానంగా పాలిష్ పట్టిన తెల్లన్నమే ఉంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం మనకు అందే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదు. ఇప్పుడది 50 నుంచి 70 శాతం దాకా ఉంది. పప్పులు, గుడ్లు, మాంసం, పాలు, కూరగాయలు పేదల ఇళ్లలో తక్కువగా ఉండటానికి కారణం తెలియకపోవడం కాదు. కిలో కందిపప్పు ధర ఎంతో ఆ ఇళ్లలో అందరికీ తెలుసు.

దీనికి ఇంకో దారి ఉందని జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు 1990ల్లోనే చూపించారు. అందులో ఎక్కువమంది దళిత స్త్రీలు. బీడు భూములను సాగులోకి తెచ్చి, జొన్నలు పండించి, ఊళ్లోనే నిల్వ చేసి, తమకు తామే రేషన్ నడుపుకున్నారు. ఎవరి బరువూ తూచలేదు, ఎవరికీ నీతులు చెప్పలేదు.

పోషణ స్థాయిని పెంచడం రాజ్యం ప్రాథమిక విధి అని రాజ్యాంగం 47వ అధికరణం చెబుతోంది. ఆ విధిని నిర్వర్తించడానికి రెండు తెలుగు రాష్ట్రాలూ ఢిల్లీ లేబుల్ కోసం ఎదురుచూడనక్కర్లేదు. బడి గేటుకు 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తిండి అమ్మకూడదన్న నిబంధన 2020లోనే వచ్చింది. దాన్ని అమలు చేసే అధికారం రాష్ట్ర ఆహార భద్రత అధికారులకు ఉంది. అమలు చేసేటప్పుడు జామకాయలు, పల్లీలు అమ్ముకునే బండిని తరమకుండా, కంపెనీ పంపిణీదారును పట్టుకోవాలి. సంక్షేమ హాస్టళ్ల పప్పులో నీళ్లు తగ్గాలి, గుడ్డు రోజూ రావాలి. రేషన్‌లో కోరుకున్నవారికి జొన్నలో రాగులో, వాటితో పాటు ప్రతి కార్డుకూ నెల నెలా తప్పకుండా సబ్సిడీ కందిపప్పు అందాలి. బడ్జెట్‌లో దీనికి ఎంత పెడతారో వచ్చే ఆర్థిక సంవత్సరపు పద్దుల్లో చూడవచ్చు.